మా గడిలో ఒక చుక్క

మేముండే ఊరి పేరు రెడింగ్. ఇంగ్లీషులో చదవడం అనే మాటకి ఏ అక్షరాలు రాస్తామో దీనికీ అవే రాస్తారు, పలకడం మాత్రం రెడింగ్. వచ్చిన కొత్తలో నేను అక్షరాలున్నట్టే పలికి, బస్సు డ్రైవరు చేత రెండుసార్లు "ఏ ఊరు?" అని అడిగించుకున్నాను. లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే అరగంట ప్రయాణం. ఊరికి ఉత్తరాన థేమ్స్ నది. ఊరి మధ్యలోంచి కెన్నెట్ అనే చిన్న నది వచ్చి, తూర్పు వైపున థేమ్స్‌లో కలుస్తుంది. మా వీధిలో అన్నీ ఎర్ర ఇటుక ఇళ్ళే. ఒకరి గోడ ఒకరు పంచుకుని, వెనకాల సన్నగా పొడుగ్గా ఒక పెరడు.

2016లో మా వారి ఉద్యోగం మీద వచ్చాం. నా పెట్టెలో మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, ఆవకాయ సీసా, వాటి కింద ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో ఎమ్మెస్సీ జువాలజీ సర్టిఫికెట్టు. ఆవకాయ ఆర్నెల్లకి అయిపోయింది. ఫోల్డరు ఇప్పటికీ అలాగే ఉంది. మీలో చాలామంది బీరువాల్లో అలాంటి ఫోల్డరు ఒకటి ఉండే ఉంటుంది. పాప పుట్టింది, బడికి వెళ్ళే వయసొచ్చింది. ఎక్కడ ఏ ఫారం నింపినా ఉద్యోగం అన్న గడి దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగేది. తరవాత "గృహిణి" అని రాసేదాన్ని.

వచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో నాకు ముందుగా పరిచయమైనవి గద్దలు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నెత్తి మీద తిరిగేవి. ఒక్కోరోజు పది, పన్నెండు లెక్కపెట్టేదాన్ని. అమ్మకి ఫోన్లో చెబితే, "గరుడపక్షే. కనపడగానే దణ్ణం పెట్టుకో, ఒక్కదాన్నే ఉన్నాననుకోకు" అంది. గరుడపక్షికి తల తెల్లగా ఉంటుందమ్మా, ఇది వేరే జాతి అని నా జువాలజీ అంతా వినిపించబోయాను. "ఏదైతేనేం, పెట్టుకో" అంది. పెట్టుకునేదాన్ని.

2021 మే నెలలో అమ్మ పోయింది. అవి ప్రయాణాలు ఆగిపోయిన రోజులు. ఇండియాని ఇక్కడి ప్రభుత్వం రెడ్ లిస్టులో పెట్టింది. వెళ్ళలేకపోయాను. కైకలూరు దగ్గర మా ఊళ్ళో జరిగినదంతా వంటగదిలో నిలబడి ఫోన్లో చూశాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను. మనలో ఆ సంవత్సరం అలా చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ తరవాత నెల, జూన్లో, ఒక సాయంత్రం పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఇక్కడ జూన్లో రాత్రి తొమ్మిదైనా వెలుతురుంటుంది. బుర్రుమని శబ్దం చేస్తూ ఏదో ఎగిరొచ్చి, గోడకి కొట్టుకుని, నా కాళ్ళ దగ్గర వెల్లకిలా పడింది. నల్లటి పురుగు, నా బొటనవేలంత పొడవు. తల ముందు జింక కొమ్ముల్లాంటి రెండు కొమ్ములు. పాప కెవ్వుమంది. నా చెయ్యి దానంతటదే చెప్పు మీదకి వెళ్ళింది. చెప్పు ఎత్తాక, ఎందుకో ఆగిపోయాను. కాలేజీ ల్యాబులో అట్ట మీద సూదితో గుచ్చిన ఆకారం ఒకటి గుర్తొచ్చింది. లుకానస్. స్టాగ్ బీటిల్. బ్రిటన్‌లో నేల మీద ఉండే బీటిల్స్‌లో అన్నిటికన్నా పెద్దది. పుల్లతో తిరగేస్తే కాళ్ళు కూడదీసుకుని, పెరటి చివర ఉన్న పాత ఆపిల్ చెట్టు మొద్దు వైపు మెల్లగా నడిచింది.

ఫొటో తీసి నాన్నకి పంపాను. అప్పట్లో నాన్నతో మా మాటలు రెండు నిమిషాలు దాటేవి కావు. "తిన్నావా నాన్నా?" "ఆఁ." "మందులేసుకున్నావా?" "ఆఁ." "ఉంటా మరి." అంతే. ఎప్పుడూ ఫోన్ అమ్మ చేతిలోనే ఉండేది. నాన్న వెనకనుంచి ఒకటి రెండు మాటలు అందించేవాడు. అలాంటి మనిషి ఆ రోజు ఫొటో చూసిన నిమిషానికి తనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, అది కొమ్ము పురుగు! మొవ్వు తినేస్తుంది. చంపెయ్యక ఫొటోలు తీస్తావేంటే?"

చెరువు గట్టు మీద ఇరవై కొబ్బరిచెట్లున్న మనిషికి కొమ్ము పురుగంటే శత్రువే మరి. ఇది ఆ పురుగు కాదు నాన్నా, కొబ్బరి కొమ్ము పురుగుకి ముక్కు మీద ఒకటే కొమ్ము, దీనికి రెండు. నిజానికి ఇవి కొమ్ములు కూడా కాదు, దవడలు. ఇది పచ్చని చెట్టు జోలికి పోదు. దీని పిల్ల పురుగు కుళ్ళిన మొద్దుని తింటూ భూమిలో మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా ఉంటుంది. పైకొచ్చాక బతికేది కొన్ని వారాలే, అని చెప్పాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "ఏడేళ్ళు లోపలుండి, వారాలే బతుకుతుందా" అన్నాడు. తరవాత, "మన పెంటకుప్పలో ఉండేది ఏ పురుగు మరి?" అని అడిగాడు. ఆ రోజు పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక స్క్రీన్ మీద చూశాను.

పాప పడుకున్నాక ఈ పురుగు మా ఊళ్ళో ఇంకెవరికైనా కనిపించిందేమోనని వెతికాను. అలా దొరికింది ఎన్‌బీఎన్ అట్లాస్. బ్రిటన్‌లో ఎక్కడ ఏ మొక్క, ఏ పిట్ట, ఏ పురుగు కనిపించిందో ఒకేచోట చూపించే మ్యాప్ ఇది. 2017లో మొదలైంది. ఇరవై కోట్లకు పైగా రికార్డులున్నాయి. ఆస్ట్రేలియా వాళ్ళు తమ దేశం కోసం తయారుచేసుకుని, ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ మీదే దీన్నీ కట్టారు. మన పోస్ట్‌కోడ్ కొడితే మన ఇంటి చుట్టూ ఒక వృత్తం గీస్తుంది. కిలోమీటరు కావాలా, అయిదా, పదా అని అడుగుతుంది. పక్కన జాబితా వస్తుంది: పక్షులు, కీటకాలు, పూలమొక్కలు, ఏ గుంపులో ఎన్ని జాతులు అని. ఒక పేరు నొక్కితే అది కనిపించిన చోటల్లా చుక్కలు పడతాయి. చుక్కని నొక్కితే ఏ రోజున చూశారు, ఎవరు చూశారు, ఆ రికార్డు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నీ తెలుస్తాయి.

ఈ చుక్కల పద్ధతి కంప్యూటర్ల కన్నా పాతది. దేశాన్నంతా వంద కిలోమీటర్ల చదరాలుగా కోసి, ఒక్కోదానికి రెండక్షరాల పేరు పెట్టారు. దాన్ని పది కిలోమీటర్ల గడులుగా, వాటిని మళ్ళీ ఒక్కో కిలోమీటరు గడులుగా విడగొట్టారు. రెడింగ్ ఊరు చాలావరకు ఎస్‌యూ 77 అనే గడిలో ఉంటుంది. 1962లో అచ్చయిన బ్రిటన్ పూలమొక్కల అట్లాసులో, ఒక మొక్క దొరికిన ప్రతి పది కిలోమీటర్ల గడిలోనూ ఒక చుక్క పెట్టారు. 1964లో ఈ పనికోసమే ఒక రికార్డు కేంద్రం పెట్టి, పురుగులకీ జంతువులకీ కూడా చుక్కలు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. చుక్కలు పెట్టినవాళ్ళలో చాలామంది జీతం తీసుకున్న శాస్త్రవేత్తలు కారు. మాస్టార్లు, పూజారులు, రిటైరైనవాళ్ళు, ఇల్లు చూసుకునే ఆడవాళ్ళు.

అది చదువుతుంటే నాకు ధనుర్మాసం ముగ్గు గుర్తొచ్చింది. ముందు చుక్కలు తీరుగా పడాలి, గీతలు తరవాత. ఒక్క చుక్క తప్పినా ముగ్గు కుదరదని అమ్మ చెరిపేసి మళ్ళీ పెట్టించేది.

స్టాగ్ బీటిల్ చుక్కలు లండన్ చుట్టూ, థేమ్స్ వెంబడి ఒత్తుగా ఉన్నాయి. మా ఊళ్ళోనూ అక్కడక్కడా ఉన్నాయి. కానీ మా ఇల్లున్న కిలోమీటరు గడిలో ఒక్కటి కూడా లేదు. పాప నా పక్కనే చూసి ఉంటే "మన దగ్గర లేవన్నమాట" అనేదేమో. కానీ ఆ సాయంత్రమే ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది కదా! అప్పుడు అర్థమైంది. ఖాళీ గడి అంటే అక్కడ పురుగు లేదని కాదు, చూసినవాళ్ళెవరూ రాయలేదని. యూనివర్సిటీ క్యాంపస్ దగ్గర చుక్కలు ఎందుకు కిక్కిరిసి ఉన్నాయో, మా వీధిలో ఎందుకు లేవో కూడా తెలిసింది. ఆ మ్యాపు జంతువులు ఎక్కడున్నాయో చెబుతుంది. చూసే మనుషులు ఎక్కడున్నారో కూడా చెబుతుంది.

రికార్డు రాయడానికి ఐరికార్డ్ అని ఇంకొకటి ఉంది. ఫారం తెరిచాను. తప్పనిసరిగా నింపాల్సినవి నాలుగే: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. ఉద్యోగం అన్న గడి లేదు. "ఎవరు" దగ్గర నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. ఫొటో జతచేశాను. కొన్నాళ్ళకి ఆ విషయం తెలిసిన నిపుణులు ఫొటో చూసి, సరైనదేనని ఆమోదించారు. ఆ తరవాత కొన్ని నెలలకి మా గడిలో ఒక చుక్క పడింది. నొక్కితే నా పేరు. మా వారిని లేపి చూపించాను. "బాగుంది, పడుకో" అన్నారు. పొద్దున్నే మాత్రం ఆయనే ఆఫీసులో నలుగురికి చూపించారట.

దాంతో ఇంకో పని కూడా జరిగింది. పెరట్లో ఆ ఆపిల్ మొద్దు తవ్వించేసి, మొత్తం రాళ్ళు పరిపించాలని అనుకుంటున్నాం, ఎంతవుతుందో కూడా మాట్లాడి పెట్టుకున్నాం. ఇప్పుడా మొద్దు కింద ఏడేళ్ళ పిల్లలుండొచ్చు. రాళ్ళు సగం వరకే పరిపించి, మొద్దు వదిలేశాం. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి అడిగితే కారణం చెప్పాను. ఆవిడ తన పెరట్లో కొట్టించిన చెట్టు దుంగల్ని ఒక మూల సగం లోతు పాతించింది. అయిదేళ్ళుగా "గుడ్ మార్నింగ్" దాటని పరిచయం మాది. ఇప్పుడు జూన్ వస్తే ఇద్దరం సాయంత్రం పూట ఎవరి మెట్టు మీద వాళ్ళం కూర్చుని కాపలా కాస్తాం.

అన్నీ ఒప్పులే రాశానని అనుకోకండి. రెండో రికార్డు గద్దది. ఇన్నేళ్ళుగా చూస్తున్న గద్దే కదా అని, మన ఊరి గద్ద పేరే వేసి, బ్లాక్ కైట్ అని రాసేశాను. రెండు రోజులకి ఒక ప్రశ్న వచ్చింది, చాలా మర్యాదగా: "తోక చివర ఎలా ఉందో చూశారా?" పెరట్లోకి పరుగెత్తాను. తోక లోతుగా చీలి ఉంది, రంగు ఇటుక ఎరుపు. రెడ్ కైట్. బ్లాక్ కైట్ ఇక్కడ అరుదుగా వచ్చే అతిథి. కనిపిస్తే పక్షిప్రేమికులు కెమెరాలతో పరుగెత్తుకొస్తారట. ఎమ్మెస్సీ చదివి ఈ తప్పేంటని రెండు రోజులు ముఖం చెల్లలేదు. తరవాత దిద్దాను. తెలిసినదే కదా అని సరిగా చూడకపోవడమే ఆ తప్పుకి కారణం.

ఆ గద్ద మ్యాపు చూడండి, సంవత్సరాలు మారుస్తూ చూడండి. ఇంగ్లండులో ఈ గద్దల్ని మనుషులే కాల్చి, విషం పెట్టి, 1870ల నాటికి లేకుండా చేశారు. వేల్స్ కొండల్లో కొద్దిపాటి మిగిలాయి. 1989 నుంచి 1994 వరకు స్పెయిన్ నుంచి సుమారు 90 పక్షుల్ని తెచ్చి, మా ఊరికి ఉత్తరాన ఉన్న చిల్టర్న్ కొండల్లో వదిలారు. మ్యాపులో ముందు ఖాళీ, తరవాత కొండల మీద కొన్ని చుక్కలు, ఆ తరవాత అవి కిందికి దిగి మా ఊరిని ముంచేశాయి. రెడింగ్‌లో జనం పెరట్లో మాంసం ముక్కలు వేస్తారు, అందుకని రోజూ వస్తాయి. వెయ్యకపోవడమే వాటికి మంచిదని పక్షుల సంస్థలు చెబుతాయి. 2022 నుంచి, స్పెయిన్‌లో ఈ గద్దలు తగ్గిపోతున్నాయని, ఇంగ్లండు గద్ద పిల్లల్ని అక్కడికి పంపడం మొదలుపెట్టారు. మా వారు విని, "మూడు తరాలకి సొంతూరు వెళ్ళాయన్నమాట" అన్నారు.

మా పాపకి మాత్రం ఇష్టమైన మ్యాపు రామచిలుకది. అవును, మన రామచిలుకే. ఎర్ర ముక్కు, మెడకి గులాబీ గీత. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్రపక్షిగా ఎంచుకున్న ఆ చిలుకే లండన్‌లో వేల సంఖ్యలో ఉంది. థేమ్స్ ఒడ్డున నడుస్తుంటే అరుచుకుంటూ మా నెత్తి మీంచి పోతాయి. పంజరాల్లోంచి తప్పించుకున్నవి, వదిలేసినవి ఇక్కడ గూళ్ళు కట్టుకున్నాయి. 1969 నుంచి ఇక్కడ పిల్లల్ని పెడుతున్నట్టు రికార్డుంది. జన్యు పరీక్షలు చేసి, ఎక్కువ భాగం పాకిస్తాన్, ఉత్తర భారతదేశం వైపు నుంచి వచ్చిన వాటి సంతానమేనని తేల్చారు. మ్యాపులో లండన్ పడమర, దక్షిణాల్లో ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పలచగా.

ఒకరోజు ఆ పేరు పక్కన ఉన్న మాట చదివి పాప అడిగింది: "నాన్‌నేటివ్ అంటే ఏంటమ్మా?" ఇక్కడిది కానిది, వేరే చోట నుంచి వచ్చింది అని చెప్పాను. "మరి ఇక్కడే గుడ్డులోంచి వస్తే?" దానికి నా జువాలజీలో జవాబుంది. ఆ మాట జాతి గురించి, ఒక్కో పిట్ట గురించి కాదు. చెట్టు తొర్రల కోసం ఇక్కడి పిట్టలతో పోటీ పడుతుంది, పండ్ల తోటల్లో పడుతుంది, అందుకే శాస్త్రవేత్తలు దాన్ని గమనించాలి. ఇదంతా నిజమే, అదే చెప్పాను కూడా. కానీ పాప ఇక్కడే రాయల్ బెర్క్‌షైర్ ఆస్పత్రిలో పుట్టింది. దాని ప్రశ్న చిలుక గురించి మాత్రమే కాదని నాకు తెలుసు. "మనుషులకి ఆ మాట వాడరు" అన్నాను. "ఓకే" అని, ఆ రోజు చూసిన చిలుకలు ఏడని లెక్క చెప్పింది. రాశాం. మ్యాపులో నేటివ్‌దైనా కాకపోయినా చుక్క సైజు ఒకటే.

ఇక నాన్న సంగతి. రోజూ ఫోన్లో ఇక్కడేం కనిపించిందో చెబుతుంటే, ఆయన అక్కడేం కనిపించిందో చెప్పడం మొదలుపెట్టాడు. నత్తగొట్టు కొంగలు వచ్చాయి. లకుముకి పిట్ట కరెంటు తీగ మీదుంది. రాత్రి తీతువు అరుస్తూనే ఉంది, నిద్ర లేదు. అమ్మ ఉన్నప్పుడు తీతువు కూస్తే ఇంట్లో అందరం భయపడేవాళ్ళం, ఇప్పుడు నాన్న దాని గుడ్లు గట్టు మీద ఎక్కడున్నాయో వెతుకుతున్నాడు! ఒకరోజు ఈబర్డ్ తెరిచి మా ఊరు చూశాను. ప్రపంచమంతా పక్షుల్ని నమోదు చేసే చోటది. ఒక పిట్ట పేరు కొడితే మ్యాపు మీద ఊదారంగు గడులొస్తాయి. ఎంత తరచుగా కనిపిస్తే అంత ముదురు రంగు. పక్షుల్ని చూడడానికి వెళ్ళారు గానీ ఆ పిట్ట కనిపించలేదంటే గడి బూడిదరంగులో ఉంటుంది. అసలెవరూ వెళ్ళలేదంటే రంగే ఉండదు. చూసి లేదనడం వేరు, చూడకపోవడం వేరు. ఈ రెండిటికీ తేడా చూపించిన మ్యాపుని నేను మొదటిసారి చూడడం అదే.

మా ఊరి నుంచి కాస్త దూరంలోనే ఆటపాక ఉంది. గూడబాతులు వేలల్లో గూళ్ళు కట్టే చోటు. బయటినుంచి పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళంతా అక్కడికే వస్తారు, కాబట్టి అక్కడ గుర్తులు గుంపుగా ఉన్నాయి. మా చెరువుల వైపు మాత్రం ఏమీ లేదు. నాన్న డెబ్భై ఏళ్ళుగా చూస్తున్న ఆ గట్టు మీద ఒక్క పిట్ట కూడా వాలనట్టే ఉంది.

2023 డిసెంబరులో పాపని తీసుకుని వెళ్ళాను. తెల్లవారుజామున మంచులో ముగ్గురం గట్టు మీద నడిచాం. నా చేతిలో ఫోను, పాప చేతిలో పుస్తకం, నాన్న చేతిలో కర్ర. ఒకచోట నిలబడి పదిహేను నిమిషాల్లో కనిపించినవన్నీ, ఎన్నెన్ని అన్నది రాయాలి. అదీ పద్ధతి. నాన్న పేరు చెబుతాడు, నేను ఇంగ్లీషు పేరు వెతుకుతాను. గుడ్డికొంగ, నీటికాకి, పాలపిట్ట వరకు బాగానే జరిగింది. చిన్న బాతుల దగ్గర చిక్కొచ్చింది. నాన్నకి అవన్నీ పరజలే. "ఏ పరజ నాన్నా? ముక్కెలా ఉంది? రెక్క మీద మచ్చ ఉందా?" అంటే, "పరజంటే పరజేనే, ఏంటే నీ గోల" అని విసుక్కున్నాడు. నాలుగో రోజుకి ఆయనే, "అమ్మాయ్, అదుగో, అది వేరే పరజ. కళ్ళ మీంచి తెల్లగీత ఉంది చూడు" అన్నాడు. గార్గనీ. చలికాలం గడపడానికి ఉత్తర దేశాల నుంచి వచ్చే బాతు. ఆ చెరువు మీద మనవరాలు విదేశాల నుంచి వచ్చిందనీ, అదీ వచ్చిందనీ నాన్న ఊరంతా చెప్పాడు.

కొల్లేరు గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోకి పాకిన చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించడానికి మనసొప్పని రోజులున్నాయి. పిట్టలకి ఎంత నీరు కావాలి, మనుషులకి ఎంత నేల కావాలి అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అందులో ఎవరి మాట సరైనదో నేను తేల్చలేను. కానీ ఏ పిట్ట ఎక్కడ ఎన్ని నెలలుంటుందో రాసి ఉంటే, వాదన కనీసం కళ్ళు తెరిచి జరుగుతుంది. ఇక్కడ మా జిల్లాలో కొత్త ఇళ్ళు కట్టాలంటే ముందు థేమ్స్ వ్యాలీ రికార్డు కేంద్రంలో ఆ చోట ఏముందో చూస్తారు. కేరళలో 2015 నుంచి 2020 వరకు వెయ్యిమందికి పైగా మామూలు మనుషులు తిరిగి, రాష్ట్రమంతా గడుల లెక్కన పక్షుల అట్లాసు తయారుచేశారు. మన పక్కనే.

వెళ్ళేముందు నాన్న పేరు మీదే ఒక ఖాతా తెరిచి ఇచ్చాను. ఆయన చూసింది నా పేరున రాయకూడదు, అది పద్ధతి కాదు. "నా పేరెందుకే, నేనేం చదువుకున్నానని" అన్నాడు. ఫారంలో చదువు అన్న గడి లేదని చూపించాను. పక్కింటి కుర్రాడు వాడడం నేర్పుతానన్నాడు. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే లేచి, అమ్మ పోయాక ఎవరూ ముగ్గు వెయ్యని వాకిట్లో కళ్ళాపి చల్లి, పదిహేను చుక్కల ముగ్గేశాను. రెండు చుక్కలు వంకరపోయాయి. చెరపలేదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. అమెరికాలో, గల్ఫ్‌లో, మలేసియాలో ఉన్నవాళ్ళకి ఐనాచురలిస్ట్, ఈబర్డ్ రెండూ పనిచేస్తాయి. ఆస్ట్రేలియాలో వాళ్ళ సొంత అట్లాసు ఉంది. దక్షిణాఫ్రికాలో దేశాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి 2007 నుంచి పక్షుల్ని రాస్తున్నారు. ముందు మీ ఇంటి చుట్టూ ఏముందో చూడండి, తరవాత ఏది ఖాళీగా ఉందో చూడండి. తెలియనిదాన్ని తెలియదని రాయండి, ఊహించి పేరు పెట్టకండి. నా బ్లాక్ కైట్‌ని గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట, ముఖ్యంగా ఆడవాళ్ళకి: మీ పెరట్లో చూసినదాన్ని ఇంటి గుమ్మం దాకా గుర్తు పెట్టక్కర్లేదు. కిలోమీటరు గడి రాస్తే చాలు. దొంగల భయమున్న పక్షుల గూళ్ళని కూడా ఈ మ్యాపులు కావాలనే పెద్ద గడిలో దాచి చూపిస్తాయి. మనం బీరువా తాళం ఎక్కడుందో అందరికీ చెప్పం కదా, అలాగన్నమాట.

మొన్న ఆదివారం వంట చేస్తుంటే నాన్న ఫోన్. "అమ్మాయ్, గట్టు మీద నీ పరజలు వెళ్ళిపోయినట్టున్నాయి. రెండ్రోజులుగా లేవు. వెళ్ళి చూసి, లేవని రాశా. లేకపోయినా రాయాలన్నావుగా" అన్నాడు. పొయ్యి కట్టేసి మ్యాపు తెరిచాను. ఉంది, ఆయన పేరుతో, ఆ రోజు తారీఖుతో. దాని గురించీ, రాళ్ళ సందుల్లో తీతువు పెట్టిన గుడ్ల గురించీ అరగంట మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, తిన్నావా అని అడగనేలేదు.

మళ్ళీ చేశాను. "తిన్నావా నాన్నా?"

"ఆఁ" అన్నాడు.